ఇరవై ఆరో మీటరు

శ్రీకాంత్ చనిపోయేసరికి అతని సిలిండర్‌లో ఇంకా నూటపది బార్ల గాలి ఉంది.

"అంటే ఎంత సార్?" అంది భాగ్యశ్రీ.

"సగానికి మీదనే. ఇంకో ఇరవై నిమిషాలు హాయిగ పీల్చుకునేటంత," అన్నాడు విజయ్‌కుమార్. "అయినా మనిషి ఊపిరాడకనే పోయిండు."

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో విత్తనాల దుకాణం మీద ఉన్న ఆ గదికి 'భూమి సర్వే కన్సల్టెంట్స్' అని బోర్డు ఉంటుంది. లోపల జరిగే సర్వే వేరు. ఆ రహస్య విభాగానికి విజయ్‌కుమార్ చీఫ్. భాగ్యశ్రీ పదకొండేళ్లుగా అతని ఫీల్డ్ ఏజెంట్. శ్రీకాంత్ ఆమె బ్యాచ్‌మేట్.

బల్ల మీది ఫైల్లో పోలీసుల ముగింపు ఒక్క వాక్యం: 'స్వీయ నిర్లక్ష్యం వల్ల నీటిలో మరణం.' ఆ మొదటి రెండు మాటల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. బూటు లేసుకు రెండు ముళ్లు వేసి, మూడోసారి లాగి చూసుకునే మనిషి శ్రీకాంత్. నిర్లక్ష్యమట!

"వినుకో," అన్నాడు విజయ్‌కుమార్. "పూడూరు అడవిల నేవీ రేడియో కేంద్రం పని నడుస్తున్నది. సముద్రం అడుగున ఉండే సబ్‌మెరైన్లతోని మాట్లాడే కేంద్రం. దాని డ్రాయింగులు ఒక ప్రైవేటు కాంట్రాక్టర్ ఆఫీసు నుంచి ముక్కలు ముక్కలుగ బయటికి పోతున్నయ్. ఫోన్ల పోతలేవు. మెయిల్ల పోతలేవు."

"మరి?"

"నీళ్లల్ల."

తాండూరు అవతల మూతపడ్డ నాపరాయి గని. ముప్పై మీటర్ల లోతున నీళ్లు నిండి ఉన్నాయి. రాజేందర్ అనే ఆయన దాన్ని లీజుకు తీసుకుని స్కూబా డైవింగ్ సెంటర్ నడుపుతున్నాడు. అడుగున, ఇరవై ఆరు మీటర్ల దగ్గర, గని మునిగిన రోజు పైకి తేలేక వదిలేసిన పాత లారీ ఉంది. దొంగలకు ఆ లారీయే పోస్టాఫీసు. ఇచ్చేవాడు పెట్టిపోతాడు, పుచ్చుకునేవాడు తీసుకుపోతాడు. గట్టు మీద నిలబడి చూసేవాడికి కనిపించేవి బుడగలే.

"శ్రీకాంత్ ఆ రోజు పొద్దుగాల ఒకసారి దిగి వచ్చి మెసేజ్ పెట్టిండు," అన్నాడు విజయ్‌కుమార్. "రెండే మాటలు. 'లారీల రెండు.' ఏం రెండో తెల్వదు. పగటిపూట మళ్ల దిగిండు. పైకి శవమే వచ్చింది."

"పుచ్చుకునేది ఎవరు?"

"మార్టిన్. డైవింగ్ టూరిజం కన్సల్టెంట్ అని చెప్పుకుంటడు. వాని దేశమేందో ఫైల్ల ఉంది, ఇప్పుడు నీకు అవసరం లేదు. నవంబర్ నాలుగో ఆదివారం వస్తున్నడు, ఆఖరి ముక్క కోసం. ఎవలిస్తరో, ఎట్లిస్తరో నీ కండ్లతోని చూడాలె."

"నేవీ డైవర్లను దింపొచ్చు గదా సార్?"

"దింపితే పిట్టలన్నీ తుర్రుమంటయ్. స్టూడెంటును మించిన వేషం లేదు. నీది తాండూరు. ఆ మాట, ఆ ఊరు నీకు తెలుసు."

"ఈత అంతంతమాత్రమే సార్."

"ఐదు వారాలున్నయ్ గదా. నేర్చుకో."

భాగ్యశ్రీ కళ్లు మూసి తెరిచింది. ఐదు వారాల్లో మనిషిని చేపను చేయడం చీఫ్ దృష్టిలో టైపింగ్ నేర్పినంత పని.

వేషం సిద్ధంగానే ఉంది. నాపరాళ్ల వ్యాపారి భార్య. మెడలో తాడంత గొలుసు, ముఖం నిండా నల్ల కళ్లద్దాలు, రీల్స్ పిచ్చి. గాడ్జెట్‌గా ఒక డైవింగ్ వాచీ, అందులో కెమెరా. గని గేటు దగ్గర బండలు మోసే ట్రాక్టర్ డ్రైవర్‌గా సీనియర్ ఏజెంట్ బిచ్చయ్య అప్పటికే కుదిరిపోయాడు.

"గేటు బంద్ చెయ్యాల్నంటే కోడ్ వర్డ్, 'నా చెప్పులు పోయినయ్'," అన్నాడు విజయ్‌కుమార్.

"ఇంకే మాటా దొరకలేదా సార్?"

"ఎవ్వరికీ అనుమానం రాని మాట గావాలె," అని ఫైలు మూశాడు చీఫ్.

* * *

స్కూబాలో మొదటి మెట్టు ఓపెన్ వాటర్ కోర్సు. అది పాసైతే పద్దెనిమిది మీటర్ల దాకా దిగనిస్తారు. రెండో మెట్టు అడ్వాన్స్‌డ్. దాంతో ముప్పై మీటర్లు. లారీ ఇరవై ఆరులో ఉంది. కాబట్టి రెండు కోర్సులూ కావాలి.

మొదటి పాఠాలు అనంతగిరి కింద ఒక రిసార్ట్ స్విమ్మింగ్ పూల్‌లో. భాగ్యశ్రీ అక్కడే ఇరుక్కుపోయింది.

మాస్క్‌లోకి కావాలని నీళ్లు రానివ్వాలి. తల కాస్త ఎత్తి, మాస్క్ పై అంచును నుదుటికి అదిమి, ముక్కుతో ఊదాలి. నీళ్లు కింది నుంచి బయటికి పోతాయి. పుస్తకంలో నాలుగు లైన్లు. నీళ్లలో మాత్రం, ఊదాల్సిన ముక్కు పీల్చింది. క్లోరిన్ నీళ్లు నెత్తికెక్కాయి. దగ్గుతూ, కారుతూ ఆమె పైకి లేచింది.

"మళ్ల," అన్నాడు రాజేందర్.

నలభై ఐదేళ్ల మనిషి. పదేళ్లు అండమాన్‌లో డైవింగ్ నేర్పి సొంత జిల్లాకు తిరిగొచ్చాడు. ఎండకు కమిలిన ముఖం. నవ్వడు. మెచ్చుకోడు. ఒక్క మాటతో కోర్సంతా నడిపిస్తాడు.

"మళ్ల."

రెండోసారి. మూడోసారి. ఆరోసారికి ఆమె కళ్లు మిరపకాయలయ్యాయి. అదే బ్యాచ్‌లో హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ జంట రెండో రోజుకే పూల్ పాఠాలు ముగించి ఫొటోలు దిగుతున్నారు. పిస్తోలు పట్టినవాడి మణికట్టు ఒక్క మెలికతో విరవగల ఏజెంటు తన ముక్కును మాట వినేలా చేసుకోలేకపోయింది.

"అక్కా, ఊదుమంటే ఊదుడు గాదు. చీదినట్టు అనుకో," అంది ఒక గొంతు పక్కనుంచి.

ఒంటికి అతుక్కుపోయే ఎర్ర చేతుల ఈత సూట్‌లో, వెట్‌సూట్‌లో, తడి జుట్టు వెనక్కి తోసుకుని నవ్వుతోంది రచన. వారంలో ఐదు రోజులు ఇంజినీర్ ఉద్యోగం, శని, ఆదివారాలు రాజేందర్ దగ్గర అసిస్టెంటు. కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్ పడవల పందెంలో మగవాళ్లను ఓడించిందని రిసార్ట్ వెయిటర్లు కథలుగా చెప్పుకుంటారు. ఆమె నీళ్లలోకి దిగితే నీళ్లే పక్కకు జరిగి దారి ఇచ్చినట్టుంటుంది. భాగ్యశ్రీకి ఆ అమ్మాయి మొదటి చూపులోనే నచ్చలేదు. ఆమె చెప్పినట్టు చీదింది. సగం నీళ్లు పోయాయి.

"జర్ర ఉన్నయ్. మళ్ల," అన్నాడు రాజేందర్.

సాయంత్రం ఫోన్. "ఎంత లోతు దాకా పోయినవ్?" విజయ్‌కుమార్ అడిగాడు.

"నాలుగడుగులు సార్."

"మీటర్లల చెప్పు."

"ఒకటీ పాయింట్ రెండు."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు. "ఇంక ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది ఉన్నది," అని ఫోన్ పెట్టేశాడు. లెక్కలో మాత్రం చీఫ్ ఎప్పుడూ తప్పడు.

పూల్ దాటడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో ఆరు రోజులు జలుబు. జలుబుంటే నీటి ఒత్తిడికి మూసుకుపోయిన చెవులు తెరుచుకోవు, చెవులు తెరుచుకోకుంటే దిగనివ్వనని రాజేందర్ తెగేసి చెప్పాడు. ఆవిరి పట్టింది. మిరియాల కషాయం తాగింది. కేలెండర్ చూసుకుని పళ్లు కొరికింది. దేశద్రోహులు దిగి వస్తున్నారు, తను మాత్రం ముక్కు చీదుకుంటూ మంచంలో ఉంది.

* * *

తాండూరు గని పైనుంచి చూస్తే ఆకుపచ్చ అద్దంలా ఉంటుంది. చుట్టూ పొరలు పొరలుగా కోసిన నీలం రాతి గోడలు. గేటు దగ్గర బిచ్చయ్య ట్రాక్టర్ మీద బీడీ కాలుస్తూ ఆమెను చూసి, "నమస్తే సేటమ్మా," అన్నాడు. ఆ నవ్వులో వెటకారం ఎంతో, నటన ఎంతో ఆమె తేల్చుకోలేకపోయింది.

మొదటి డైవ్‌లో నాలుగు మీటర్ల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టయింది. రెండో డైవ్‌లో తేలడానికి గాలి నింపే జాకెట్‌లోకి గాలి ఎక్కువ వదిలి, బుడగలా ఉబ్బి, పైకి తేలింది. మూడో డైవ్‌లో పన్నెండు మీటర్ల దగ్గర కెమెరా వాచీ చచ్చిపోయింది. టెక్నికల్ వింగ్‌కు ఫోన్ చేస్తే, "మేడం, అది వాన నీళ్లకు వాటర్‌ప్రూఫ్," అన్నారు.

నాలుగో డైవ్‌లో మొదటిసారి లారీ కనిపించింది.

పద్దెనిమిది మీటర్ల దగ్గర రాజేందర్ ఒక ఎర్ర తాడు కట్టి ఉంచాడు. కొత్త స్టూడెంట్లకు అదే సరిహద్దు. ఆ తాడు పట్టుకుని కిందికి చూస్తే, పాలు కలిపినట్టున్న నీళ్లలో నల్లగా, పెట్టెలా, లారీ క్యాబిన్ పైభాగం. ఎనిమిది మీటర్లు. శ్రీకాంత్ ఆఖరి ఊపిరి వదిలిన చోటు. ఆమె తాడు వదిలి తల కిందికి వంచింది. అంతే, కాలికున్న ఈత రెక్కను, ఫిన్‌ను, ఎవరో గట్టిగా పట్టి వెనక్కి గుంజారు. రాజేందర్. వేలు ఊపాడు. బొటనవేలు పైకి చూపించాడు. డైవ్ ఖతం.

గట్టు మీద ఆమె మాస్క్ నేలకేసి కొట్టింది.

"ఎనిమిది మీటర్లే గదా సార్! ఓపెన్ వాటర్ కార్డు ఇయ్యాలో రేపో వస్తది. అడ్వాన్స్‌డ్ రేపే మొదలుపెట్టుండ్రి."

"ఇంకో నాలుగు డైవులైనంక."

"రూల్ బుక్కుల గట్ల లేదు!"

"నా దగ్గర ఉంది." రాజేందర్ మాస్క్ తీసి, దుమ్ము తుడిచి, ఆమె చేతికిచ్చాడు.  "మొన్న వానాకాలం నా గనిల ఒక మనిషి పోయిండు మేడం. మంచి డైవరు. ఎందుకు పోయిండో ఇప్పటికీ సమజ్ కాలే. నేను చూడంది ఏమో ఉంది. ఇంకొకలను పోగొట్టుకునే తాకత్ నాకు లేదు. గందుకే మళ్ల మళ్ల చేయిస్త. మీరు కోపానికొస్తే రాండ్రి."

భాగ్యశ్రీ మాస్క్ పట్టీ సరిచేసుకుంది. కోపం పోలేదు కాని, ఎవరి మీద చూపించాలో తెలియకుండా పోయింది.

ఆ మరుసటి వారం అడ్వాన్స్‌డ్ క్లాసులో దిగే ముందు చేసే చెకింగ్ నేర్పుతూ అతను ఒక మాట అన్నాడు. "సిలిండర్ వాల్వు మెడ వెనుక ఉంటది, మీకు కనబడది. బంద్ ఉన్నా పైపుల ఉన్న గాలితోని రెండు మూడు శ్వాసలు వస్తయ్. తర్వాత ఏం రాదు. గాలి పీలుస్తుంటే ప్రెజర్ మీటర్ ముల్లు కిందికి పడుతుందా చూడుండ్రి. పడితే వాల్వు బంద్ ఉన్నట్టు."

భాగ్యశ్రీ చేయి మీటర్ మీదే ఆగిపోయింది. నూటపది బార్లు. వెనకనుంచి ఎవరో వాల్వు తిప్పారు. మనిషి పోయాక మళ్లీ తిప్పి తెరిచారు. గాలి ఉంది, ఊపిరి లేదు.

అంటే శ్రీకాంత్‌ను చంపింది అతని మెడ వెనక్కి చేయి పోనిచ్చేంత దగ్గరగా వచ్చినవాళ్లు. అతను దగ్గరికి రానిచ్చినవాళ్లు.

ఆ రోజే ఇంకొకటి బయటపడింది. రచన బ్యాగులోంచి టవల్ తీస్తుంటే ఐడీ కార్డు జారి పడింది. దాని మీద ఉన్న పేరు డ్రాయింగులు లీకవుతున్న కాంట్రాక్టర్ కంపెనీది. భాగ్యశ్రీ బస్టాండు దాకా పరుగులాంటి నడకతో పోయి ఫోన్ చేసింది.

"సార్! రచన. ఇచ్చేది ఆమెనే."

"తెలుసు," అన్నాడు విజయ్‌కుమార్.

"ఏం తెలుసు?"

"రచన మన మనిషి. డబుల్ ఏజెంట్. మార్టిన్ ఆమెను కొనాలని చూసిండు, ఆమె వచ్చి మాకు చెప్పింది. మేమిచ్చిన దొంగ డ్రాయింగులే నారింజ రంగు ట్యూబుల పెట్టి లారీల పెడ్తున్నది. మార్టిన్‌ను ఆపద్దు, పోనియ్యాలె. దొంగ మాలుతోని వాని పైవాళ్లను ఆగం చేస్తం."

"మరి గా ముచ్చట నాకెందుకు చెప్పలే సార్? నాలుగు వారాలుగ నీళ్లు తాగి తాగి చస్తున్న!"

"ఎవలకెంత అవసరమో అంతే చెప్పాలె. ఆమెకు నీ సంగతి తెల్వదు. తెల్వద్దు."

"శ్రీకాంత్‌ను ఎవలు చంపిండ్రు మరి?"

"మార్టిన్ మనుషులే అయి ఉంటరు. అది చూడనీకే నువ్వు."

ఫోన్ పెట్టేశాక ఆమె బస్టాండు గోడను కాలితో ఒక్క తన్ను తన్నింది. గోడకేమీ కాలేదు. బొటనవేలు వాచింది.

అయితే ఒక్క సంగతి మాత్రం తేలికపడింది. ఇన్నాళ్లూ ఓర్పుగా, నవ్వుతూ తనకు చెవులు తెరవడం, తేలకుండా నిలబడటం, గాలి అయిపోతే పక్క మనిషి స్పేర్ పైపు అందుకోవడం నేర్పింది రచనే. దిక్సూచి పట్టుకుని చతురస్రం ఈదమంటే త్రికోణం ఈదినప్పుడు నవ్వనిది కూడా రచనే. ఆమె మన మనిషని తెలిశాక భాగ్యశ్రీకి ఆ పిల్ల మీద మొదటిసారి ప్రేమలాంటిది కలిగింది.

* * *

నవంబర్ నాలుగో ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటోంది. అడ్వాన్స్‌డ్ కోర్సులో డీప్ డైవ్. దిగేది నలుగురు: రాజేందర్, రచన, మార్టిన్, భాగ్యశ్రీ. నెరిసిన గడ్డం, మర్యాదైన నవ్వు మార్టిన్‌వి. "నమస్తే అండి," అన్నాడు అందరికీ, ఆఖరికి ట్రాక్టర్ మీది బిచ్చయ్యకు కూడా.

"అక్కా, ఇయ్యాల నీ బడ్డీని నేనే," అంది రచన. నీళ్లలో ఒకరికొకరు కాపలా ఉండే జంటను బడ్డీలంటారు. "ఫికర్ చెయ్యకు."

పద్దెనిమిది దగ్గర ఎర్ర తాడు. ఈసారి రాజేందర్ కిందికి వేలు చూపాడు. ఇరవై. ఇరవై మూడు. నీళ్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి. ఇరవై ఆరు. నాచు పట్టిన లారీ, విరిగిన అద్దాలు, స్టీరింగ్ చుట్టూ చిన్న చేపలు.

లోతుకు పోతే మెదడు మందగిస్తుంది. అది పరీక్షించడానికి రాజేందర్ ఆమె చేతికి పలక ఇచ్చాడు. దాని మీద పదిహేడు ఆర్లు ఎంత అని ఉంది. ఆమె పెన్సిల్ పట్టుకుని, తల వంచి, కళ్లు మాత్రం లారీ మీద ఉంచింది.

రచన క్యాబిన్ పక్కకు జారింది. నడుము దగ్గర్నుంచి నారింజ రంగు ట్యూబు తీసి లారీ పనిముట్ల పెట్టెలో పెట్టింది. అనుకున్నట్టే. తర్వాత వెట్‌సూట్ ఎర్ర చేతి లోపలికి వేళ్లు పోనిచ్చి ఇంకొకటి తీసింది. నల్లది. దాన్ని లారీలో పెట్టలేదు. మార్టిన్ చాచిన అరచేతిలో పెట్టింది.

లారీల రెండు.

భాగ్యశ్రీ తల మందగించి ఉన్నా ఆ లెక్క మాత్రం తెలిసిపోయింది. నారింజది చీఫ్‌కు చూపించడానికి. నల్లది అసలుది. పోనివ్వమని చీఫ్ ఆర్డర్ ఇచ్చింది దొంగ మాలును కాదు, అసలు మాలునే.

ఆమె తలెత్తింది. రచన ఇటే చూస్తోంది.

మార్టిన్ ఫిన్‌తో అడుగును ఒక్క తన్ను తన్నాడు. రాతి పొడి మబ్బులా లేచింది. లారీ లేదు, రాజేందర్ లేడు, తన చేయి తనకే కనిపించని తెలుపు. ఆ తెలుపులోంచి మెడ వెనక ఏదో తగిలింది. ఒక శ్వాస వచ్చింది. రెండోది బరువుగా వచ్చింది. మీటర్‌ను ముఖానికి ఆనించి చూసింది. ముల్లు సున్నా వైపు పడిపోతోంది. మూడోది రాలేదు.

అదే క్షణంలో మాస్క్ ఎగిరిపోయింది. చల్లటి నీళ్లు కళ్లల్లో, ముక్కులో. పైకి దూకు అంది ఒళ్లంతా. దూకితే ఊపిరితిత్తులు పగులుతాయి. ఆమె దూకలేదు. వెనక్కి చేయి విసిరి, దొరికిన మణికట్టును మెలిపెట్టి ముందుకు లాగింది. రెండో చేత్తో గుడ్డిగా ఆ మనిషి ఛాతీ తడిమింది. ప్రతి డైవర్‌కూ అక్కడ ఒక పసుపుపచ్చ స్పేర్ పైపు వేలాడుతూ ఉంటుంది, గాలి అయిపోయిన బడ్డీ కోసం. దొరికింది. నోట్లో పెట్టుకుని ఊదింది. పీల్చింది.

గాలి!

తనను చంపాలనుకున్న మనిషి సిలిండర్‌లోంచి గాలి పీలుస్తూ భాగ్యశ్రీ ఆమె జాకెట్ పట్టీని పిడికిట్లో బిగించింది. రచన ఆ పైపును లాగింది. భాగ్యశ్రీ పళ్లతో కరిచి పట్టింది. రచన తన వాల్వు మూయలేదు, మూస్తే ఇద్దరూ పోతారు. వదిలించుకుని పోనూ లేదు.

తెల్లటి మబ్బును చీల్చుకుని రాజేందర్ వచ్చాడు. చూశాడు. ఒకే సిలిండర్ మీద ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు గట్టిగా పట్టుకుని ఉన్నారు. గాలి అయిపోయిన స్టూడెంటును బడ్డీ కాపాడుతోంది! కోర్సులో నేర్పినట్టే! అతను రచన భుజం తట్టి మెచ్చుకున్నాడు.

భాగ్యశ్రీకి ఏడుపొచ్చింది. నీళ్లలో అది కూడా తెలియలేదు.

బొటనవేలు పైకి. మెల్లగా, నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా, రాజేందర్ ఇద్దరినీ పైకి తెస్తున్నాడు. మార్టిన్ పక్కనుంచి చకచకా దాటి పోయాడు. ఐదు మీటర్ల దగ్గర రాజేందర్ అరచేయి అడ్డం పెట్టాడు. సేఫ్టీ స్టాప్. లోతు నుంచి వచ్చినవాళ్లు ఒంట్లో నత్రజని తగ్గడానికి అక్కడ మూడు నిమిషాలు ఆగాలి.

మూడు నిమిషాలు! మార్టిన్ ఆగలేదు. పైన అతని కాళ్లు మసగ్గా నిచ్చెన ఎక్కుతున్నాయి.

ఆమె మణికట్టుకు పలక ఇంకా వేలాడుతోంది. మాస్క్ లేదు, అక్షరాలు కనిపించవు. గుడ్డిగా రాసింది. 'నల్ల ట్యూబు అసలుది. రచన చంపుతున్నది. ఆపు.' పదిహేడు ఆర్ల మీదే రాసింది. రాజేందర్ చదివాడు. ఆమె కళ్లలోకి జాలిగా చూశాడు. లోతులో మతి తప్పి ఇలా రాసేవాళ్లను అతను చాలామందిని చూశాడు. రెండు వేళ్లు చూపించాడు. ఇంకా రెండు నిమిషాలు.

భాగ్యశ్రీ పలకను వదిలి గిరుక్కున వెనక్కి తిరిగింది. తన మెడ వెనుక వేలితో పొడిచి పొడిచి చూపించింది. రాజేందర్ చేయి వాల్వు మీద పడింది. తిప్పి చూశాడు. పూర్తిగా బంద్.

పొద్దున్న అతనే తెరిచి, అతనే చూసిన వాల్వు.

మూడు నెలలుగా అతనికి అర్థం కానిది ఆ ఒక్క మెలికలో అర్థమైపోయింది.  ఆమె వాల్వు తెరిచాడు. తర్వాత రచన వెనక్కి పోయి, ఆమె సిలిండర్ వాల్వు మీద చేయి వేసి అలాగే ఉంచాడు. తిప్పలేదు. ఊరికే ఉంచాడు. రచన కదలడం మానేసింది.

భాగ్యశ్రీ తన గాలి పైపు నోట పెట్టుకుని, స్టాప్ పూర్తికాకముందే పైకి లేచింది.

పైన ఎండ. మార్టిన్ కారు గని గేటు వైపు దుమ్ము లేపుతూ పోతోంది. పోనివ్వమన్న ఆర్డర్ ప్రకారం బిచ్చయ్య ట్రాక్టర్‌ను పక్కకు తీసి, సలాం కూడా కొడుతున్నాడు.

"బిచ్చయ్యన్నా! నా చెప్పులు పోయినయ్!"

గొంతులోంచి గాలే వచ్చింది. ఆమె గట్టు పట్టుకుని, దగ్గి, నీళ్లు కక్కి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"చెప్పులు పోయినయే! చె... ప్పు... లు!"

బిచ్చయ్య సలాం గాల్లోనే ఆగిపోయింది. బీడీ పారేసి గేరు వేశాడు. ట్రాక్టర్ వెనక్కి దూకింది. ట్రాలీ పైకి లేచింది. రెండు టన్నుల నాపరాళ్లు గలగలమంటూ గేటుకు అడ్డంగా కూలాయి. కారు బంపర్ మొదటి బండకు జానెడు దూరంలో కీచుమని ఆగింది.

నల్ల ట్యూబు మార్టిన్ కెమెరా డబ్బాలో దొరికింది.

* * *

"ఎనిమిది నెలలు నన్ను ఆడించింది," అన్నాడు విజయ్‌కుమార్ మర్నాడు. ఆయన ముఖం ఒక్క రాత్రిలో పదేళ్లు ముసలిదైంది. "శ్రీకాంత్ రెండో ట్యూబు చూసిండు. గందుకే."

 భాగ్యశ్రీ శ్రీకాంత్ ఫైలు ఆయన ముందుకు జరిపి, పెన్ను పక్కన పెట్టింది. ఆయన పోలీసుల వాక్యంలో 'స్వీయ నిర్లక్ష్యం వల్ల' అన్న మాటల మీద గీత కొట్టి, పక్కన సంతకం చేశాడు.

వారం తర్వాత తాండూరు వెళ్లి రాజేందర్‌ను కలిసింది. గని గట్టు మీద ఇద్దరూ చాయ్ తాగారు. 

"నేనే నేర్పిన మేడం ఆ పిల్లకు," అన్నాడు రాజేందర్. "మొదటి శ్వాస కాడికెల్లి."

"నాకు గూడ ఆమెనే నేర్పింది," అంది భాగ్యశ్రీ. "ఆమె నేర్పిందానితోనే బతికిన."

అతను తలూపి, సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. డైవర్ చేసిన ప్రతి డైవ్‌నూ రాసుకునే లాగ్‌బుక్. ఆఖరి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. తేదీ, లోతు, సమయం అన్నీ తన గుండ్రటి అక్షరాల్లో నింపి ఉన్నాయి. కింద ఒక గడి ఖాళీగా ఉంది.

"గీ డైవ్ లెక్కల రాదు మేడం. బడ్డీ సంతకం లేదు."

భాగ్యశ్రీ అతని ముఖంలోకి చూసింది. నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు.

"సార్, నా బడ్డీ జైల్ల ఉంది."

"రూల్ రూలే."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, లాగ్‌బుక్ చంకలో పెట్టుకుని, ఫోన్ తీసి విజయ్‌కుమార్ నంబర్ నొక్కింది.

"సార్, జైల్ల ములాఖత్ ఏ వారం ఉంటది? ఒక్క సంతకం పని ఉంది."